మా పెరటి జెర్రిపోతు

గజపతి జిల్లా పర్లాకిమిడిలో, మహేంద్రతనయ నదికి దగ్గరగా ఉన్న మా ఇంటి పెరటిని మేము ముంగిసలతోనూ, ఉడుముతోనూ, గట్టు కింది కలుగులో ఉండే జెర్రిపోతుతోనూ పంచుకుంటున్నాము. ఆరడుగులు దాటి పెరిగే జెర్రిపోతుకు విషం లేదు. అయినా బెదిరినప్పుడు మెడ ఉబ్బించి బుసకొట్టడం వల్ల దానిని త్రాచుగా భావించి కర్రలు పట్టుకొని వచ్చేవారు మా వీధిలో ఎక్కువ. ధాన్యం నిల్వ ఉన్న ఇంటికి పిల్లికన్నా ఈ పామే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే అది ఎలుకల కన్నాలలోకే దూరి వాటి పిల్లలను సైతం తింటుంది. (మా అత్తగారు మాత్రం పిల్లి పక్షమే.) ముంగిస ఉన్నచోట పాము ఉండదంటారు గాని, మా పెరట్లో రెండూ ఉన్నాయి.

ఉడుము కోడిగుడ్లను వదలదు కనుక గూటికి సన్నని ఇనుప వల బిగించాము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నందున దానిని పట్టడమూ చంపడమూ నేరమే.

భయపడవలసినది కట్లపాముకు. అది రాత్రివేళ ఇళ్లలోకి వచ్చి, నేలపై నిద్రించేవారిని నొప్పి తెలియకుండానే కాటువేయగలదు కాబట్టి, మేము మంచాలపైనే, దోమతెర అంచులను పరుపు కిందికి దోపుకొని పడుకుంటున్నాము.