సరస్సు నీళ్లతో కాలనీ మొత్తానికి ఏసీ, హీటర్

ఎండాకాలం ఇళ్లని చల్లబరిచేదీ, చలికాలం వెచ్చబెట్టేదీ ఒకే సరస్సు అంటే చాలామంది నమ్మరు. చల్లబరచడం సరే, ఐదారు డిగ్రీల నీళ్లతో ఇల్లు వెచ్చబెట్టడమేంటి? న్యాయమైన అనుమానమే. ముందు తేలికైన సంగతి కానిచ్చేసి దాని దగ్గరికి వద్దాం.

నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి. అందుకే చలి దేశాల్లో లోతైన సరస్సుల అడుగున శీతాకాలపు నీళ్లు అలాగే ఉండిపోతాయి, ఎండాకాలం పైన జనం ఈత కొడుతున్నా సరే. టొరంటోలో 2004 నుంచి ఒంటారియో సరస్సులో ఒడ్డుకి దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో, 83 మీటర్ల లోతు నుంచి ఆ నీళ్లు తెచ్చి ఊరి నడిబొడ్డున భవనాల్ని చల్లబరుస్తున్నారు. నాకు బాగా నచ్చిందేమిటంటే, అవి ఎలాగూ ఊరి జనం తాగడానికి వెళ్లే నీళ్లే, కుళాయిలకి పోయే దారిలో చల్లదనం ఇచ్చేసి పోతాయి. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ 2000లో కయూగా సరస్సుతో ఇలాంటిదే మొదలుపెట్టింది, క్యాంపస్ చల్లబరచడానికి అయ్యే కరెంటు 80 శాతానికి పైగా తగ్గింది.

సరస్సు నీళ్లు నేరుగా ఇళ్లలోకి రావు. ఒడ్డున ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ అని ఉంటుంది: ముడతలు ముడతలుగా ఉన్న పల్చటి స్టీలు రేకులు వందల కొద్దీ పక్కపక్కన బిగించి ఉంటాయి, ఒక సందులో సరస్సు నీళ్లు, పక్క సందులో కాలనీ పైపుల్లో తిరిగే శుభ్రమైన నీళ్లు. రెండూ ఎక్కడా కలవవు, రేకు గుండా వేడి మాత్రం అటూ ఇటూ మారుతుంది.

ఇక వేడి సంగతి. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా, లోపలి చల్లటి వస్తువుల్లోంచి లాగిన వేడే అది. హీట్ పంప్ చేసేదీ అదే. నీళ్లు 7 డిగ్రీలున్నా వాటిలో వేడి ఉంది, తక్కువ స్థాయిలో ఉంది, అంతే. సెకనుకి 100 లీటర్లు తోడి 3 డిగ్రీలు చల్లబరిస్తే 1,250 కిలోవాట్ల వేడి చేతికొస్తుంది. దాన్ని ఇంటికి పనికొచ్చే స్థాయికి ఎత్తడానికి కరెంటు కావాలి, సుమారుగా ఒక యూనిట్ కరెంటుకి మూడు నాలుగు యూనిట్ల వేడి. ఇదేమీ నిన్నా మొన్నటి ఐడియా కాదు, జ్యూరిక్ టౌన్ హాల్‌కి 1938లోనే లిమ్మాట్ నది నీళ్లతో హీట్ పంప్ పెట్టారు.

"సరస్సు ఉంది, వేడి ఫ్రీ" అనే ప్రచారం చూస్తే మాత్రం నాకు చిరాకు. ఖర్చంతా పైపుల్లోనూ, రోడ్లు తవ్వడంలోనూ ఉంటుంది, పైగా ఆఫీసులకి కుదిరినంత తేలిగ్గా ఇళ్లకి కుదరదు. ఆఫీసు టవర్‌కి ఒకే యజమాని, పగలంతా ఏసీ లోడ్. ఇళ్లలో అలా కాదు, పొద్దున్నే అందరూ ఒకేసారి స్నానాలకి దిగుతారు, ఆ తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు, పైగా ఒక్కో ఇంటినీ విడిగా ఒప్పించాలి. ఇళ్లు దూరదూరంగా ఉంటే ఒక్కో మీటరు పొడవు పైపు మీద వసూలయ్యే బిల్లు దేనికీ చాలదు. పాత ఇళ్లలో ఇంకో తలనొప్పి: వేడినీళ్లు తిరుగుతూ గదిని వెచ్చబెట్టే రేడియేటర్లకి 65, 70 డిగ్రీల నీళ్లు కావాలి, అంత ఎత్తుకి తీసుకెళ్లాలంటే హీట్ పంప్ కరెంటు తెగ తాగుతుంది. కొత్త ఇళ్లలో గది నేల కిందే వేడినీళ్ల పైపులు పరిస్తే 35 డిగ్రీలు చాలు. అందుకే నన్నడిగితే పాత కాలనీలో ముందు గోడలకీ కిటికీలకీ ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా అడ్డు) మీద డబ్బు పెట్టాలి, సరస్సు పైపు తర్వాత. ఇళ్ల మధ్యలో ఒక సూపర్ మార్కెటో సర్వర్ గదో ఉంటే మాత్రం అదృష్టమే, అవి బయటికి తోసే వేడి అదే పైపుల్లో కలిసి పక్కింటి స్నానాల నీళ్లకి పనికొస్తుంది.

మెయింటెనెన్స్ దగ్గర విలన్ క్వాగా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప. జెనీవా సరస్సులో 2015లో కనిపించింది. దీని పిల్లలు కంటికి ఆననంత చిన్నవి, జల్లెడ దాటి పైపులోకి వెళ్లి అక్కడే అతుక్కుని పెరుగుతాయి. ఇవి బాగా లోతులో కూడా బతుకుతాయి కాబట్టి పైపు ఇంకా కిందికి దించితే సరిపోతుందిలే అనుకోవడానికి లేదు, పైపు లోపలి గోడలు గీకించాల్సిందే.

వాడిన నీళ్లు ఎక్కడ వదులుతారన్నదీ చూడాలి. లోతు నీళ్లలో ఫాస్ఫరస్ ఎక్కువ ఉంటుంది, వాటిని ఒడ్డు దగ్గర వదిలితే నాచుకి మేత వేసినట్టే అన్న వాదన కార్నెల్ దగ్గర చాలా ఏళ్లు నడిచింది.

వేడి ప్రాంతాల్లో లోతు తక్కువ చెరువులతో ఇదంతా కుదురుతుందా అంటే, నేరుగా చల్లబరచడం కుదరదు, అడుగు నీళ్లు కూడా గోరువెచ్చగానే ఉంటాయి. అయితే ఏసీ ప్లాంటు తన వేడిని 40 డిగ్రీల గాలిలోకి తోసే బదులు 28 డిగ్రీల నీళ్లలోకి తోస్తే కరెంటు తగ్గుతుంది. ఆ మాత్రం పని మామూలు చెరువైనా చేస్తుంది, ఎండాకాలం దాకా అందులో నీళ్లుంటే.