పెట్టేయొద్దన్నాడు, పెట్టేశాను

ఫోన్ మీద కనిపించింది బ్యాంకు నంబరే, నేను సేవ్ చేసుకున్న పేరుతో సహా. అయినా దాన్ని నేను పెద్దగా పట్టించుకోను. ఇంటర్నెట్ ద్వారా చేసే కాల్స్‌లో అవతలివాళ్లకు ఏ నంబరు కనిపించాలో మార్చే వీలుంది. స్పూఫింగ్ అంటారు.

"మీ కార్డు మీద అనుమానాస్పద లావాదేవీ జరుగుతోంది సార్, ఆపడానికే చేశాను" అన్నాడు ఫోన్ చేసినవాడు. మర్యాదగా మాట్లాడుతున్నాడు, వెనకాల ఆఫీసు సందడి వినిపిస్తోంది. నమ్మకం కలగడానికి కార్డు మొదటి నాలుగు అంకెలు చదివాడు. కరెక్టే. కానీ కార్డు నంబరులో మొదటి 6 నుంచి 8 అంకెలు బ్యాంకును తెలిపేవి. ఆ బ్యాంకులో అలాంటి కార్డున్న ఎందరికో అవే ఉంటాయి. చివరి నాలుగూ చెప్పమంటే, "సెక్యూరిటీ రూల్స్ ఒప్పుకోవు సార్" అన్నాడు. జవాబు మాత్రం బాగుంది!

ఇంతలో ఓటీపీ వచ్చింది. లావాదేవీ రద్దు కావాలంటే అది చదవాలట. మెసేజ్ తెరిచి చూస్తే రద్దు ఊసే లేదు. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్చడానికి అని, ఎవరికీ చెప్పొద్దని ఉంది. అంటే అక్కడ వాడు నా ఖాతాలో 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కి కూర్చున్నాడన్నమాట. మనం ఆత్రంగా అంకెలే చూస్తాం. అసలు సంగతంతా వాటి పక్కనున్న వాక్యంలో ఉంటుంది.

"నేనే బ్యాంకుకు చేసి కనుక్కుంటాను" అన్నాను. అంతే, గొంతు మారిపోయింది. "పెట్టేస్తే డబ్బు పోతుంది, బాధ్యత మీదే" అంటూ టెన్షన్ పెట్టడం మొదలుపెట్టాడు. నా దృష్టిలో ఇంతకన్నా గట్టి గుర్తు లేదు. మనం పెట్టేసి తిరిగి చేస్తే నిజమైన బ్యాంకువాళ్లకు వచ్చే నష్టమేముంది? ఇంకొకరిని అడిగే తీరిక మనకు దొరికితే నష్టపోయేది వాడే. చివరికి స్టార్ స్టార్ 21తో మొదలయ్యే కోడ్ ఏదో డయల్ చేయమన్నాడు. చేస్తే నాకొచ్చే కాల్స్ అన్నీ వాడికి మళ్లేవి. కట్ చేశాను.

కార్డు వెనకున్న నంబరు చూసి నేనే డయల్ చేశాను. చాలాసేపు పాట వినిపించాక ఒకామె దొరికింది. అలాంటి లావాదేవీ ఏదీ లేదంది, నెట్ బ్యాంకింగ్ లాక్ చేసి ఫిర్యాదు రాసుకుంది. తర్వాత *#21# కొట్టి చూశాను, ఫార్వర్డింగ్ ఏమీ లేదు. ఉండుంటే ##002# కొట్టి తీసేసేవాణ్ణి. జీఎస్ఎం అనే ప్రమాణంతో నడిచే మొబైల్ నెట్‌వర్క్‌లకు ఈ కోడ్‌లు ఉమ్మడివే.

ఇంట్లోవాళ్లతో మాట్లాడటమే అసలు పని. కొద్దిపాటి రికార్డింగ్ దొరికితే చాలు, ఏఐతో మన గొంతును అనుకరించేస్తున్నారు. అందుకని మాలో మాకు ఒక రహస్యమైన మాట పెట్టుకున్నాం. కంగారులో అమ్మకు అది గుర్తుకు రాదేమోనని నా అనుమానం. అందుకే ఇంకోటి కూడా చెప్పాను: "నా గొంతుతోనే అయినా సరే, డబ్బు మాటెత్తితే కట్ చేసి నా నంబరుకు నువ్వే చెయ్యి. నేను విసుక్కున్నా పట్టించుకోకు."