సూర్యుడు రాకముందే మొదలయ్యే ఫొటో

సముద్రం మీద సూర్యోదయాన్ని ఫొటో తీయాలనుకునే ఎవరికైనా నేను మొదట చెప్పేది, కనీసం ముప్పావుగంట ముందే ఒడ్డుకు చేరుకోమని. నేను తీసినవాటిలో నాకు బాగా ఇష్టమైనవి చాలావరకు సూర్యుడు పైకి రాకముందు తీసినవే. సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీల కన్నా కిందుగా ఉన్నంతసేపూ ఇసుక, నీళ్లు, ఆకాశం అన్నీ నీలంగానే ఉంటాయి. పైకి వస్తున్నకొద్దీ తూర్పున నారింజ, గులాబీ రంగులు అలుముకుంటాయి. బాగా ఎత్తున పల్చటి మబ్బులుంటే కింది నుంచి వెలుగు తగిలి ఒక్కసారిగా ఎర్రబడతాయి. ఆ ఎరుపు ఉండేది కొద్ది నిమిషాలే. సూర్యబింబం కనిపించేసరికి అది వెలిసిపోవడం ఎన్నోసార్లు చూశాను. నాకు బింబం కన్నా ఆ వెలుగు నీళ్ల మీద ఏం చేస్తోందన్నదే ముఖ్యం.

ముందురోజు రాత్రే ఆటుపోట్ల వేళలు చూసుకుంటాను. చాలా తీరాల్లో రోజుకు రెండుసార్లు పోటు (నీరు ఎక్కడం), రెండుసార్లు పాటు (నీరు తీయడం) వస్తాయి. ఆ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. తెల్లవారే వేళకు నీరు తీస్తూ ఉంటే నాకు అన్నివిధాలా అనుకూలం. అప్పుడే బయటపడ్డ తడి ఇసుక ఆకాశం రంగులన్నిటినీ కిందకు దించుతుంది, దాని మీద ఎవరి అడుగులూ ఉండవు. నీరు ఎక్కుతున్నప్పుడు మాత్రం రాళ్ల మీదికి వెళ్లను, తిరిగొచ్చే దారి మునిగిపోవచ్చు. కొత్త చోటైతే ముందురోజు పగలే వెళ్లి రాళ్లు ఎక్కడున్నాయో, కాలు ఎక్కడ జారుతుందో చూసి వస్తాను. ఇంకో సంగతి, సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల దగ్గరే. మిగతా ఏడాదంతా ఉత్తరానికో దక్షిణానికో జరుగుతుంటాడు. జూన్‌లో ఒక రాతి పక్కనుంచి పైకొచ్చినవాడు, డిసెంబరులో అక్కడే నిలబడి చూస్తే ఫ్రేములోనే ఉండకపోవచ్చు.

ట్రైపాడ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. తడి ఇసుకలో ఊరికే నిలబెడితే ఒక్క అల వచ్చి వెళ్లేసరికి కాళ్ల కింద ఇసుక కోసుకుపోయి కెమెరా ఓ పక్కకు ఒరుగుతుంది. మూడు కాళ్లనూ ఇక దిగవన్నంతవరకు నొక్కి, ఒకటి రెండు అలలు వచ్చిపోనిచ్చి, మళ్లీ నొక్కి, ఆ తర్వాతే లెవెల్ సరిచేస్తాను. కాళ్లు పొడిగించేటప్పుడు అన్నిటికన్నా కింది సన్నటి భాగాన్ని ముందు పూర్తిగా లాగుతాను. అలా చేస్తే బిగించే లాకులు ఉప్పునీటికి అందనంత ఎత్తులో ఉంటాయి.

సెట్టింగులు పెద్దగా మార్చను. రా ఫార్మాట్ (కెమెరా రంగులు దిద్దకుండా దాచే ఫైలు), ఐఎస్‌ఓ 100 (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి), అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే కంత) ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య. రంగుల ఛాయను సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే కెమెరా ఆ ఎరుపును తగ్గించాలని చూస్తుంది, అందుకని డేలైట్‌లో పెడతాను. చీకట్లో ఆటోఫోకస్ తడబడుతుంది. దగ్గర్లోని రాయి మీద టార్చి వేసి, లైవ్ వ్యూలో, అంటే కెమెరా తెర మీద, పెద్దది చేసి చూసుకుని, ఫోకస్‌ను మాన్యువల్‌కు మార్చేస్తాను.

అసలు పనంతా షట్టర్ స్పీడు దగ్గరే. 30 సెకన్లు తెరిచి ఉంచితే అలలన్నీ కలిసిపోయి, నీళ్ల మీద పొగమంచు పరిచినట్టు వస్తుంది. అందంగానే ఉంటుంది. కానీ రానురాను అందులో సముద్రం ఊపిరి నాకు కనిపించడం మానేసింది. ఇప్పుడు ఎక్కువగా పావు సెకనుకూ ఒక సెకనుకూ మధ్యలో తీస్తున్నాను. అంతలో వెనక్కి మళ్లే నురుగు ఇసుక మీద పొడుగాటి తెల్లటి చారలు గీస్తుంది, అల ఆకారమూ చెరిగిపోదు. ఎప్పుడు నొక్కాలన్నదే కష్టం. అల మీదికి దూకుతున్నప్పుడు నొక్కితే నురుగంతా ఒకే తెల్లటి ముద్దగా వస్తుంది. అది ఇసుక మీద పాకి, ఆగి, ఒక్క క్షణం అటూ ఇటూ కాకుండా నిలబడి, జారడం మొదలుపెడుతుంది చూశారూ, సరిగ్గా అక్కడ నొక్కాలి. రిమోట్ చేతిలో పట్టుకుని తెరను వదిలేసి అలనే చూస్తుంటాను. నీళ్లు ఒక రాతికి అటూ ఇటూ రెండు పాయలుగా చీలి, దాని ముందు మళ్లీ కలిసే చోటు దొరికిందా, ఆ ఉదయమంతా ఇక అక్కడే.

వెలుగు పెరిగాక అంత నెమ్మది స్పీడు దొరకదు. అప్పుడు 6 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్, అంటే వెలుగును తగ్గించే ముదురు అద్దం, పెడతాను. ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది కాబట్టి అది వెలుగును 64 రెట్లు తగ్గిస్తుంది, 1/60 ఉన్న స్పీడు ఇంచుమించు ఒక సెకను అవుతుంది.

ఇక సూర్యుడు. బింబం నీళ్లను తాకుతూ కనిపించే క్షణానికి లెక్క ప్రకారం అది ఇంకా క్షితిజం కిందే ఉంటుంది. గాలి పొరలు వెలుగును వంచి మనకు ముందే చూపిస్తాయి. ఆ వంపు బింబం పైకన్నా కింద ఎక్కువ కాబట్టే అది గుండ్రంగా కాక నొక్కినట్టు ఉంటుంది. దీన్ని పట్టాలంటే దూరాన్ని దగ్గర చేసే టెలీ లెన్స్ కావాలి. సెన్సర్ మీద సూర్యుడి సైజు లెన్స్ మీద ఎంఎంలలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌లో సుమారు వందో వంతు. 24 ఎంఎం లెన్స్‌తో అది చిన్న చుక్క, 400తో దాదాపు 4 మిల్లీమీటర్లు. అయితే ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి, అందులోనూ టెలీ లెన్స్‌తో, సూర్యుణ్ణి చూడకూడదు. కళ్లు పోతాయి. తెర మీదే చూస్తాను.

అప్పటికి ఆకాశానికీ ఇసుకకూ వెలుగులో తేడా కెమెరా పట్టలేనంత పెరుగుతుంది. వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు, హిస్టోగ్రామ్‌లో కుడి అంచు తెగకుండా (అంటే వెలుగు మరీ తెల్లబడిపోకుండా) ఆకాశానికి ఒకటి, ఇసుకకు ఒకటి, మధ్యలో ఇంకొకటి తీసుకుని తర్వాత కలుపుతాను. పై సగం ముదురుగా ఉండే గ్రాడ్ ఫిల్టర్ కన్నా నాకు ఇదే నయం, రాళ్లు క్షితిజాన్ని దాటి పైకి ఉన్నచోట ఫిల్టర్ వాటిని కూడా నల్లబరుస్తుంది.

గాలి ఒడ్డువైపు వీస్తే లెన్స్ మీద ఉప్పుతుంపర పడుతూనే ఉంటుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే ఉప్పు మరకై పరుచుకుంటుంది. మంచినీళ్లతో కాస్త తడిపిన గుడ్డతో ఒకసారి, పొడిదానితో ఇంకోసారి తుడవాలి. ఇంటికొచ్చాక కెమెరా కన్నా ముందు ట్రైపాడ్ లాకులన్నీ విప్పి మంచినీళ్లతో కడుగుతాను.

ప్రస్తుతం నా ధ్యాసంతా అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజుల్లో వచ్చే పెద్ద పాటు మీద ఉంది. మామూలు రోజుల్లో కనిపించని రాళ్లు అప్పుడు బయటపడతాయి. చాలా తీరాల్లో ఆ పెద్ద పాటు ప్రతిసారీ ఇంచుమించు ఒకే వేళకు పడుతుంది. అది తెల్లవారుజామున పడే తీరం కోసం పట్టికలు తిరగేస్తున్నాను.