కన్నెమరాలో ఒక రాత్రి, మూలాపేటలో పదమూడు దూలాలు

కన్నెమరా హోటల్లో గది తలుపు తెరవగానే మా ఆయన మంచం వంక చూడలేదు, పైకప్పు వంక చూశారు. గది చూపించడానికి వచ్చిన అమ్మాయి దీపాల గురించీ టీవీ గురించీ ఓపికగా చెబుతోంది. ఈయన మెడ ఎత్తి, గోడా పైకప్పూ కలిసే అంచును ఈ మూల నుంచి ఆ మూలకు పరీక్షగా చూస్తున్నారు. ఎక్కడైనా చెమ్మ మరక కనబడుతుందేమోనని ఆ వెతుకులాట. ముప్పై మూడేళ్లు రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసిన మనిషి, ఏ ఇంటికి వెళ్లినా ముందు చేసే పని అదే. ఆ అమ్మాయి వెళ్లిపోయాక అడిగాను, ఏమైనా దొరికిందా అని. "లేదు. పని శుభ్రంగా చేశారు" అన్నారు. ఆ ఒక్క మాట వినడానికే నేను ఆయన్ను నెల్లూరు నుంచి మద్రాసు తీసుకొచ్చాను.

సంగతి ఏమిటంటే, మూలాపేటలో మా మామగారి తండ్రి కట్టించిన మండువా ఇల్లు ఉంది. మద్రాసు టెర్రస్ మిద్దె. టేకు దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద ఏటవాలుగా నిలబెట్టి పేర్చిన సన్నటి ఇటుకలు, ఆ పైన సున్నమూ ఇటుక ముక్కలూ కలిపి దిమ్మిసలతో రోజుల తరబడి బాదిన కప్పు. బాదేటప్పుడు బెల్లమూ కరక్కాయా నానబెట్టిన నీళ్లు చిలకరించేవారట. ఆ మిద్దె మూడేళ్లుగా కారుతోంది. వానాకాలం వస్తే వంటింట్లో నాలుగు గిన్నెలు పెట్టుకుని వంట చేస్తున్నాను. ఒక బిల్డరు వచ్చి ఐదంతస్తులు లేపుతాననీ, మాకు రెండు ఫ్లాట్లు ఇస్తాననీ అన్నాడు. మా ఆయన సరే అన్నారు. నేను వద్దన్నాను. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి మీ ఇష్టం అన్నాడు. శ్రావణం వెళ్లేలోగా ఒప్పందం మీద సంతకం పెట్టాలి. అది 2019 ఆగస్టు.

సరిగ్గా అప్పుడే పేపర్లో చదివాను, బిన్నీ రోడ్డులోని కన్నెమరాను పూర్తిగా బాగుచేసి అంతకు ముందు ఏడాది మళ్లీ తెరిచారని. ఆ హోటల్ అంటే నాకు ఒక పాత ముల్లు. 1987లో, పెళ్లయిన కొత్తలో, స్టీలు సామాను కొనడానికి మద్రాసు వచ్చాం. సెంట్రల్ దగ్గర ఒక లాడ్జిలో దిగితే రాత్రంతా నల్లులు. తెల్లవారగానే బయటపడి మౌంట్ రోడ్డు వెంట నడిచాం. పద్నాలుగు అంతస్తుల ఎల్ఐసీ భవనం చూడాలని నా సరదా. చూసి, ఇంకాస్త ముందుకు నడిచి, మలుపులో ఆ తెల్లటి కట్టడం దగ్గర ఆగాను. లోపలికి వెళ్లి కాఫీ తాగుదామండీ అన్నాను. ఆయన గేటు వంకా తన చెప్పుల వంకా చూసుకుని, "అక్కడ రెండు కాఫీలకు నా వారం జీతం పోతుంది" అన్నారు. తిట్టలేదు, విసుక్కోలేదు. కానీ ఆ చూపు నాకు గుర్తుండిపోయింది.

అందుకే ఈసారి నా డబ్బుతో తీసుకెళ్తానన్నాను. ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి దాచుకున్న డబ్బు. ఎంత అయిందో రాయను గానీ పన్ను గురించి మాత్రం రాసి తీరాలి. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటితే అప్పట్లో 28 శాతం జీఎస్టీ. బిల్లులో ఆ వరుస చూసి నా కళ్లు తిరిగాయి. మేము వచ్చేసిన కొన్ని వారాలకే, అక్టోబర్ 1 నుంచి దాన్ని 18 శాతానికి తగ్గించారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆగస్టులో వెళ్లినవాళ్లం ఏం పాపం చేశాం?

పినాకిని ఎక్స్‌ప్రెస్ దిగి, సెంట్రల్ నుంచి కొత్త మెట్రో ఎక్కాం. మధ్యలో ఒకే ఒక్క స్టేషను, ఆ తర్వాతే ఎల్ఐసీ. అక్కడి నుంచి చక్రాల పెట్టె లాక్కుంటూ నడుచుకుంటూ వెళ్లాం. కార్లు వచ్చి ఆగే వాకిట్లోకి నడిచి వెళ్తున్నందుకు నాకు ఎందుకో గర్వంగానే ఉంది. తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఎదురొచ్చి పెట్టె అందుకుని, "రండమ్మా" అన్నట్టుగా తమిళంలో ఏదో అన్నాడు. మా ఆయన కాళ్ల వైపు చూశాను. ఈసారి ఆయన చెప్పుల వంక చూసుకోలేదు.

లోపల వెనకటి ఆలయాలను తలపించే చెక్క శిల్పాలు ఉన్నాయి. నేను అక్కడే నిలబడిపోయాను. తిరునాళ్లలో రథం దగ్గర నిలబడితే ముక్కుకు తగిలే నూనె, దుమ్ము, పసుపు కలిసిన వాసన ఒకటి ఉంటుంది కదా, ఇక్కడ అది లేదు. కానీ చేయి తిరిగిన వడ్రంగి పని ఎక్కడున్నా నన్ను నిలబెట్టేస్తుంది. మా ఆయన మాత్రం నేల చూస్తున్నారు, రాళ్ల మధ్య అతుకులు ఎంత సన్నగా ఉన్నాయో.

సాయంత్రం ఈత కొలను పక్కన కూర్చున్నాం. మేమిద్దరం మా ఇంటి గురించి గొంతు పెంచకుండా మాట్లాడుకోవడం మూడేళ్లలో అదే మొదటిసారి అనుకుంటాను. ఆయన అన్నారు, "నువ్వు నన్ను ఇక్కడికి ఎందుకు తెచ్చావో తెలుసు. కానీ ఒకటి ఆలోచించు. ఇది 1854లో ఇంపీరియల్ హోటల్ అని మొదలైంది. తర్వాత ఆల్బనీ అయింది. 1890లో గవర్నరు పేరు మీద కన్నెమరా అయింది. ఇప్పుడు నువ్వు చూస్తున్న ఈ ముఖం 1930ల నాటిది. అంటే వీళ్లు కూడా పాతదాన్ని పక్కకు నెట్టి, ఆ కాలానికి కొత్తదైన పద్ధతిలో కట్టుకున్నవాళ్లే."

నిజమే. ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. నేను చదువుకొచ్చింది ఇంకో సంగతి. 1970ల్లో ఈ హోటల్‌ను మళ్లీ తీర్చిదిద్దడానికి శ్రీలంక నుంచి ఆర్కిటెక్టు జెఫ్రీ బావాను పిలిపించారు. కొలంబో పక్కన కోట్టేలో వాళ్ల పార్లమెంటు భవనం ఆయన గీసిందే. ఆ బావా కొలంబోలో తన సొంత ఇంటిని ఎలా చేసుకున్నాడో తెలుసా అని అడిగాను. ఒకే వరుసలో ఉన్న నాలుగు చిన్న ఇళ్లను ఒకదాని తర్వాత ఒకటి కొనుక్కుంటూ, గోడలు కలుపుతూ, మధ్యలో ఆకాశం కనబడే ఖాళీలు వదులుతూ, పదేళ్లు పట్టి ఒక ఇల్లు చేసుకున్నాడు. మన మండువా లాంటి ఖాళీలు అన్నాను. ఆయన ఏమీ అనలేదు. కొలనులో నీళ్లు చూస్తూ కూర్చున్నారు.

ఆ నీళ్లు చూస్తే నాకూ మనసు చివుక్కుమంది. ఆ వేసవిలో మద్రాసు నీళ్లకు అల్లాడిపోయింది. చెరువులు ఎండిపోయి, జూలైలో జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చుకున్నారు. రైలు ఊళ్లోకి వస్తున్నప్పుడు పట్టాల పక్క సందుల్లో రంగు రంగుల ప్లాస్టిక్ బిందెలు బారులు తీరి ఉన్నాయి. ఈ ఊరికి మా జిల్లా కండలేరు జలాశయం నుంచి నీళ్లు రావాలి. అక్కడ కూడా ఆ ఏడు అడుగంటింది. రాత్రి స్నానానికి వెళ్లినప్పుడు, ఎంతో ముచ్చటగా ఉన్న ఆ స్నానాల గదిలో రెండు చెంబుల నీళ్లకు మించి వాడలేకపోయాను.

రాత్రి భోజనం హోటల్లోనే ఉన్న రెయిన్‌ట్రీ రెస్టారెంట్లో, చెట్టు కింద. చెట్టినాడు వంట. మరాఠీ మొగ్గ, రాతిపువ్వు, అనాసపువ్వు వేయించి నూరిన మసాలా. కారంలో మా నెల్లూరు చేపల పులుసుకు తీసిపోదు గానీ దారి వేరు. మాది చింతపండు పులుపు మీద నిలబడే కారం, వాళ్లది మిరియం మీద. తింటూ తింటూ మా ఆయన చెట్టినాడు ఇళ్ల గురించి మొదలుపెట్టారు. బర్మా టేకు స్తంభాలు, కోడిగుడ్డు తెల్లసొన కలిపిన సున్నంతో అద్దంలా నున్నగా తీసిన గోడలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కారైకుడి వెళ్లి చూశారట. నాకు ముప్పై రెండేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు. "గోడ మీద చెయ్యి పెడితే చల్లగా, చేప ఒంటిలా ఉండేది" అన్నారు. సిమెంటు పనులు చేయించి చేయించి ఆ చెయ్యి మరిచిపోయి ఉంటుందని నేను అనుకున్న మనిషి.

అక్కడే ఇంకో కథ కూడా చెప్పుకున్నాం. హోటల్లో లేడీ కన్నెమరా అనే పేరుతో ఒక బార్ ఉంది. ఆమె మద్రాసు గవర్నరు కన్నెమరా భార్య, సుసాన్. భర్తతో పొసగక గవర్నరు బంగళా వదిలేసి, అప్పటికి ఆల్బనీ అనే పేరున్న ఈ హోటల్‌కే వచ్చి ఉందని మద్రాసు చరిత్ర తెలిసినవాళ్లు చెబుతారు. 1890లో విడాకులు అయ్యాయి. భర్తను వదిలి వచ్చి తలదాచుకున్న చోటికి ఆ భర్త పేరే మిగలడం నాకు చాలా బాధగా అనిపించింది. ఆమె ఒకప్పటి గవర్నర్ జనరల్ డల్హౌసీ కూతురని చెప్పగానే మా ఆయన స్పూను కింద పెట్టేశారు. "డల్హౌసీయా? మా శాఖకు మూలపురుషుడు! పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంట్ పెట్టించింది ఆయనే, అదీ 1854లోనే" అన్నారు. ఆ సంబరం చూడాలి. ఆ పేరు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కాగితాల మీద చూసిందే, ఇప్పుడు ఎవరో దూరపు చుట్టం ఇంటికి వచ్చినట్టు ఆయన ముఖం వెలిగిపోయింది.

నిద్ర మాత్రం నాకు పట్టలేదు. అంత నిశ్శబ్దం నాకు అలవాటు లేదు. మా ఇంట్లో రాత్రి దంతెలు చిటుక్కుమంటాయి, మూలస్థానేశ్వరస్వామి గుడి వైపు నుంచి కుక్కలు మొరుగుతాయి. ఇక్కడ ఏసీ కూడా ఊపిరి బిగబట్టినట్టుంది. ఐదింటికే లేచి ఆయన్ను లేపాను, బయట తిరుగుదామని.

వరండాలో ఒకాయన కింద కూర్చుని పాత చెక్క కుర్చీకి మెరుగు పెడుతున్నాడు. అరవై దాటిన మనిషి. గుడ్డను గుండ్రంగా తిప్పుతూ, ఆగుతూ, ఊదుతూ, మళ్లీ తిప్పుతూ. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని తల ఎత్తి, "ఏ ఊరండీ?" అన్నాడు. నెల్లూరు అనగానే నవ్వాడు. వాళ్ల తాతగారిది సూళ్లూరుపేట దగ్గరట. తెలుగు ఇంట్లోనే మిగిలింది, అందులోనూ అరవం యాస. మా ఆయన పక్కనే కూర్చుండిపోయారు. అంత ఖరీదైన నేల మీద ఇద్దరూ బాసింపట్టు వేసుకుని లక్క గురించీ గరుకు కాగితం గురించీ మాట్లాడుకున్నారు. ఆయన కుర్చీ కాలును వేలి కణుపుతో కొట్టి చూపించాడు. ఠంగుమంది. "చెక్కకు వయసు లెక్క లేదు సార్. పలుకుతున్నంత కాలం అది బతికే ఉంది. పలకనిది కొత్తదైనా తీసి పారేయాలి."

మా ఆయన కూడా కొట్టి చూశారు. ఒకసారి కాదు, నాలుగు కాళ్లూ.

పలహారాల గురించి రాయాలంటే చాలా ఉంది. ఇడ్లీ బాగుంది, నెయ్యి పొంగలి ఇంకా బాగుంది. మిగతా యాభై రకాలు నేను చూడనైనా లేదు. కాఫీ మాత్రం రెండు కప్పులు తాగాను. అందులో ఒకటి 1987 నాటిది. ఆయనకు ఆ మాట చెప్పలేదు గానీ, రెండో కప్పు వచ్చినప్పుడు ఆయనే చక్కెర పొట్లం చింపి, కలిపి, నా ముందుకు జరిపారు.

తిరుగు ప్రయాణంలో గుమ్మిడిపూండి దాటే వరకు మాటల్లేవు. సూళ్లూరుపేట వచ్చినప్పుడు ఆయన కిటికీలోంచి స్టేషను బోర్డు చూసి, జేబులోంచి హోటల్ బిల్లు కవరు తీశారు. దాని వెనక పెన్నుతో ఏదో గీస్తున్నారు. తొంగి చూస్తే మా వంటింటి మిద్దె నిలువుకోత. దూలం, దంతె, ఇటుక, సున్నం. పక్కన అంగుళాలు.

"వంటింటికీ నడవకీ కలిపి దూలాలు పదకొండా, పన్నెండా?" అన్నారు.

"పదమూడు" అన్నాను. ముప్పై రెండేళ్లు వాటి కింద వండినదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. బిల్డరు రెండుసార్లు ఫోను చేశాడని పక్కింటి పంతులుగారు చెప్పారు. మా ఆయన కాళ్లు కడుక్కుని, చొక్కా విప్పి, అటక పక్కన ఉన్న నిచ్చెన తెచ్చి వంటింట్లో వేశారు. నేను కింద పట్టుకున్నాను. చిన్న సుత్తితో ఒక్కొక్క దూలాన్నీ రెండు చివర్లా, నడిమధ్యా కొడుతూ పోయారు. ప్రతిదానికీ ఆగి, చెవి ఒగ్గి విన్నారు. నేను బియ్యం డబ్బా మీద కాగితం పెట్టి గుర్తులు వేశాను.

తొమ్మిది పలికాయి. నాలుగు పలకలేదు.