ఆలపల్లిలో నరకని టేకు

సిరొంచ బస్సు టాపు మీద సైకిళ్ళు కట్టించుకొని మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని ఆలపల్లిలో దిగాం, నేనూ మా బామ్మర్దీ. టీ తాగి భామ్రాగడ్ రోడ్డు పట్టాం. గొడ్డలి పడని టేకు అడవి ‘వనవైభవ్’ అక్కడికి పదిహేను కిలోమీటర్ల పైమాటే.

దారిలో మొదట తగిలేది నాటిన టేకు. వరసకు వరస, ఒకే లావు, ఒకే ఎత్తు. సెప్టెంబరు కదా, కొమ్మల చివర తెల్లటి పూగుత్తులు. ఆకులను మాత్రం పురుగు తినేసింది. ఒకటి తెంపి వెలుగుకు పెట్టి చూశాను. పచ్చదనమంతా పోయి ఆకు ఈనెల అల్లిక ఒక్కటే మిగిలింది. చెట్టు చావదు, మళ్ళీ చిగురిస్తుంది, కానీ ఎదుగుదల కొంత దెబ్బతినొచ్చు. చుట్టూ ఒకే జాతి ఉంటే ఆ పురుగుకు ఇక అడ్డేముంటుంది?

వనవైభవ్ విస్తీర్ణం ఆరు హెక్టార్లే. 2014లో మహారాష్ట్ర ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. లోపల సైకిళ్ళు నడిపించుకుంటూ వెళ్ళాం. టేకు పక్కన నల్లమద్ది, దాని కింద తునికి, మధ్యలో వెదురు పొద. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. ఆ పగుళ్ళలో వేళ్ళు పెడితే వాన తడి ఇంకా తగిలింది. లేత టేకాకు నలిపితే అరచెయ్యి ఎర్రబడింది. మా బామ్మర్ది తన చెయ్యి కూడా ముందుకు చాపాడు, “బావా, నాకూ పుయ్యి” అని.

ఒకచోట పెద్ద మాను దారికి అడ్డంగా పడి ఉంది. సైకిళ్ళు ఎత్తి దాటించాం. అక్కడ ఎదురైన ఫారెస్టు వాచర్ కాకా తెలుగులోనే చెప్పాడు: “పడ్డ చెట్టు పడ్డకాడనే ఉంటది బిడ్డా, పుల్ల కూడ ఎత్తనియ్యం.” ఆ మాను మీద అప్పటికే పుట్టగొడుగులు మొలిచాయి, బెరడు కింద చీమలు బారులు కట్టాయి.

2023లో అయోధ్య గుడి తలుపులకు టేకు వెళ్ళింది మా గడ్చిరోలి, చంద్రపూర్ అడవుల వైపు నుంచే. అది మాకు గర్వమే. కానీ గొడ్డలి పడకపోతే టేకు అడవి ఎలా ఉంటుందో ఈ ఆరు హెక్టార్లలోనే తెలుస్తుంది. ఇలాంటివి ప్రతి అటవీ రేంజిలో ఒకటి ఉండాలని నా గట్టి కోరిక.

వెళ్ళేవాళ్ళు ఆలపల్లిలోనే నీళ్ళు నింపుకోండి, గాలి కొట్టే పంపు కూడా దగ్గర పెట్టుకోండి. ఆ రోడ్డులో పంక్చర్ షాపు ఒక్కటీ మాకు కనపడలేదు.