పాండవుల గుట్టల్లో ఒక్కణ్నే

ఒంటరిగా గుట్టలెక్కితే మనశ్శాంతి అంటారు గానీ, మొదటి రాత్రి నాకు దొరికింది టెన్షనే. హనుమకొండ నుంచి రేగొండ దాకా బస్సు, ఆపైన ఆటో, తర్వాత అంతా నడకే. పగలు నిలువునా లేచిన ఇసుకరాతి గోడలు చూస్తుంటే మెడ నొప్పి కూడా తెలియలేదు. చీకటి పడ్డాక మాత్రం ఎండుటాకు కదిలినా గుండె జారింది. టార్చి వేసి చూస్తే ఎలుక!

బాటిల్ ఖాళీ అయినప్పుడు మేకలు కాసే పెద్దాయన కనిపించాడు. "ఒక్కనివే వచ్చినవా బిడ్డా?" అంటూ వాగు ఇసుకలో చేత్తోనే చెలిమె తోడాడు. మొదట బురద. అది ఎత్తిపోశాక అడుగు నుంచి మెల్లగా తేట నీళ్లు ఊరాయి. ఫిల్టర్ నీళ్లకు ఆ రుచి ఎక్కడిది!

రాతి చూరు కింద ఎర్రరంగు బొమ్మలున్నాయి. ఆదిమానవులు గీసినవి, 1990లో వెలుగులోకి వచ్చాయి. వాటి పక్కనే ఎవరో బొగ్గుతో తమ పేర్లు, మధ్యలో గుండె బొమ్మ! ఒళ్లు మండింది.

వెళ్లేవాళ్లు ఫారెస్టు వాళ్లను ముందే అడగండి. చలికాలమైతే మేలు. మంట మాత్రం పెట్టకండి, కిందంతా ఎండుటాకే.