జీబ్రా గీతలు వేస్తే సరిపోదు

బందరు రోడ్డు లాంటి వెడల్పాటి రోడ్డు మీద తెల్ల గీతలు గీసేసి, పాదచారుల పని అయిపోయిందనుకోవడం తప్పు. ముందు లెక్క చూడండి. సిగ్నల్ టైము పెట్టేటప్పుడు మనిషి నడక సెకనుకు 1.2 మీటర్లని తీసుకుంటారు. 24 మీటర్ల రోడ్డుకు 20 సెకన్లు. మోకాళ్ల నొప్పులతో నడిచే పెద్దావిడ 0.8 మీటర్లే నడిస్తే 30 సెకన్లు. పచ్చ లైటు 15 సెకన్లకే ఆరిపోయిందంటే ఆవిడ సరిగ్గా నడిరోడ్డు మీద ఉంటుంది. అక్కడ ఆమెకు దిక్కు డివైడరే.

అందుకే ముందు బాగుచేయాల్సింది డివైడర్. జీబ్రా ఎదురుగా దాన్ని కోసి రోడ్డు మట్టానికి దించాలి, చక్రాల కుర్చీ నిలిచేలా కనీసం ఒకటిన్నర మీటర్ల చోటు ఉంచాలి. చాలాచోట్ల గీతలు నేరుగా వెళ్లి ఇనుప కంచెకో, గన్నేరు మొక్కలకో తగులుతాయి. ఆ మొక్కల వెనక నిలబడ్డ పిల్లాడు కారువాడికి కనిపించడు. జీబ్రాకు పది మీటర్ల ముందు నుంచే మొక్కల్ని మోకాలి ఎత్తు దాటనివ్వకూడదు.

తర్వాత వేగం. 30లో వచ్చే కారు మనిషిని చూశాక 13, 14 మీటర్లలో ఆగుతుంది. 50లో వచ్చేవాడు అంత దూరం పోయాకే బ్రేకు తొక్కడం మొదలుపెడతాడు, ఎందుకంటే తేరుకోవడానికే ఒక సెకను పోతుంది. కాబట్టి స్కూళ్లు, రైతుబజార్ల దగ్గర జీబ్రానే 10 సెంటీమీటర్లు ఎత్తుగా, పైన చదునుగా కట్టాలి. ఫుట్‌పాత్ అంచున వాననీటికి దారి వదలకపోతే మొదటి వానకే మడుగు కడుతుంది, జనం మళ్లీ రోడ్డెక్కుతారు. వీధుల్లో పోసే సన్నటి స్పీడ్‌బ్రేకర్లు నాకు అస్సలు నచ్చవు. వాటిని తప్పించుకోవడానికి బైకులు అంచుకు, అంటే నడిచేవాళ్ల మీదికే వస్తాయి.

ఫుట్‌పాత్‌కు అడ్డం లేని వెడల్పు 1.8 మీటర్లు, అంచు ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. అడుగు ఎత్తు కడితే పెద్దవాళ్లు ఎక్కలేక కిందే నడుస్తారు. తోపుడు బళ్లను తరిమేయక్కర్లేదు, ఆ 1.8 మీటర్లు వదిలి నిలబెడితే చాలు. ట్రాన్స్‌ఫార్మర్లు, పార్క్ చేసిన స్కూటర్లే అసలు అడ్డు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చేటప్పుడు టేపుతో కొలిచిన రోడ్డు వెడల్పు, పచ్చ లైటు సెకన్లు, డివైడర్ ఫొటో జతచేయండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఎ సెక్షన్ కూడా రాయండి. భద్రతా ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసి, దానివల్ల ప్రాణం పోతే లేదా అంగవైకల్యం కలిగితే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది.